గుంత, గుంట, కుంట, దొన, చెలమ: మీ ఊళ్లో దేన్ని ఏమంటారు?

పెన్నఒడ్డు (ప్రొద్దుటూరు)
ఆఫీసులో మాటల మధ్య "మా ఇంటి వెనక గుంట ఉండేది, వానాకాలమంతా కప్పల మోతే" అన్నాను. మెదక్ నుంచి వచ్చిన ఆయన "గుంట ఉంటే చిన్న ఇల్లు కట్టుకోవచ్చు కదా" అన్నాడు, ఆయన లెక్కలో గుంట అంటే భూమి కొలత. శ్రీకాకుళం అమ్మాయికైతే గుంట అంటే చిన్నపిల్ల. ముగ్గురమూ తెలుగే మాట్లాడుతున్నాం. అప్పటి నుంచి నాకు ఇదే ఆలోచన, నేలలో ఉండే పల్లానికి మన వైపు ఎన్ని మాటలున్నాయి, ఒక మాట ఎక్కడ ఆగి ఇంకోటి ఎక్కడ మొదలవుతుంది అని. నిఘంటువు అర్థాలు నా దగ్గరా ఉన్నాయి, అవి వద్దు. మీ ఇంట్లో, చేన్లో, బజార్లో నిజంగా ఎట్లా వాడతారో రాయండి. ఊరు ఏ వైపో కూడా చెప్పండి, కర్నూలు మాట కడపలో చెల్లకపోవచ్చు.

హగరి రైతు (ఉరవకొండ వైపు)
మాకు ఇందులో తికమక ఏమీ లేదన్నా. గుంత అంటే తవ్వింది. చెట్టు నాటడానికి తీసినా గుంతే, స్తంభం పాతడానికి తీసినా గుంతే, కుక్క కాలితో గీకి పడుకున్నా గుంతే. గుంట అంటే దానంతట అదే పల్లంగా ఉండి వాన నీళ్లు నిలిచేది. కుంటకు కట్ట ఉంటుంది, పైనుంచి జారే నీళ్లను కట్ట వేసి ఆపుతారు. అదే పెద్దదై, పెద్ద ఆయకట్టు ఉంటే చెరువు.

మా జిల్లాలో ఏడాది మొత్తానికి పడేదే 550 మిల్లీమీటర్ల దగ్గర, అదీ వరసగా పడదు, అందుకే వాన పడిన మర్నాడు ఎవరు ఎదురైనా మొదట అడిగేది "కుంటలోకి నీళ్లొచ్చినాయా" అని. గుంటలోకి వచ్చినాయా అని ఎవరూ అడగరు, అవి చిన్న వానకే నిండుతాయి. విత్తనం వెయ్యడానికి సరిపోయే వాన పడితే "పదునైంది" అంటాం, గుంటలు నిలిచే వాన ఇంకొంచెం పెద్దది, కుంటలోకి నీళ్లు దిగే వాన దానికంటే పెద్దది. మిల్లీమీటర్లు ఎవరికి కావాలి, ఈ మూడు మాటలు చాలు వాన ఎంత పడిందో చెప్పడానికి.

కమలాపురం పుస్తకాలు (కడప)
హగరి రైతు గారూ, మీరు చెప్పిన గుంత, గుంట తేడా మా ఇంట్లో లేదు. మాకు రెండూ గుంతే, నీళ్లుంటే "నీళ్ల గుంత" అంటాం. గుంట అనేది కోస్తా వైపు రూపం, సీమలో గుంత అని నేను అనుకుంటూ వచ్చాను. కానీ మా పక్కనే ఎర్రగుంట్ల ఉంది, ఆ పేరులో "గుంట" స్పష్టంగా వినపడుతుంది కాబట్టి పాతకాలంలో ఇక్కడా ఆ రూపం ఉండే ఉంటుంది.

మెదక్ ఆయన చెప్పిన కొలత గురించి. తెలంగాణలో, కర్ణాటకలో ఎకరానికి 40 గుంటలు. ఒక గుంట 121 చదరపు గజాలు, అంటే ఒక్కో వైపు 33 అడుగులున్న చతురస్రం. మన దగ్గర ఎకరానికి 100 సెంట్లు కాబట్టి గుంటకు రెండున్నర సెంట్లు. సరిహద్దు ఊళ్లలో పొలం కొనేవాళ్లు ఈ లెక్క తెలుసుకొని మాట్లాడాలి, బళ్లారి వైపు నుంచి వచ్చిన కాగితాల్లో గుంటల్లోనే ఉంటుంది.

నల్లమల నీడ (ఆత్మకూరు)
మీరంతా మట్టి గురించే మాట్లాడుతున్నారు. మాకు బండ ఉంది. బండ మీద సహజంగా ఏర్పడిన పల్లాన్ని దొన అంటాం. దొనను ఎవరూ తవ్వరు, తవ్వలేరు, అదే దానికీ గుంతకూ తేడా. వానకు నిండుతుంది, బండలో ఇంకిపోయే దారి లేదు కాబట్టి ఎండకు ఆవిరైతేనే నీళ్లు పోవాలి. పైన రాయి కప్పినట్టు ఉండి నీడ పడే దొనలో వేసవి దాకా నీళ్లుంటాయి, ఎండ నేరుగా తగిలే దొన కొద్ది రోజులకే ఎండిపోతుంది. గొర్రెల కాపర్లకు ఏ గట్టు (కొండ) మీద ఏ దొన ఎంతకాలం నిలుస్తుందో నోటికి వస్తుంది, మంద ఏ దారిన పోవాలో దాన్నిబట్టే. ఆకులు పడి కుళ్లిపోతే వాళ్లే చేత్తో తీసి శుభ్రం చేసి పోతారు, తర్వాత వచ్చేవాడు ఎవడో తెలియకపోయినా. రాత్రిపూట అక్కడికి అడవి జంతువులు కూడా వస్తాయి, అందుకే చీకటి పడ్డాక దొన దగ్గర మనిషి కూర్చోడు.

దొన పక్కనే గుండం అనే మాటా ఉంది. నీళ్లు పైనుంచి పడి పడి రాయిని తొలిచిన లోతు గుండం. దొనలో కాలు పెట్టొచ్చు, గుండంలోకి తెలియనివాళ్లు దిగకూడదు.

కమలాపురం పుస్తకాలు (కడప)
దొన గురించి ఒక మాట. పాత నిఘంటువుల్లో దొనకు అమ్ములపొది అనే అర్థం కూడా ఉంది. లోపల బోలుగా ఉండి ఒకదాన్ని దాచిపెట్టేది అన్న భావం రెండింటిలో ఉంది చూడండి. కడపలో ఉన్నవాళ్లు సి.పి. బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రానికి వెళ్లి పాత నిఘంటువులు తిరగేయండి, ఆయన కడపలో ఉద్యోగం చేసిన మనిషి, 1852లో అచ్చైన ఆయన తెలుగు నిఘంటువులో పల్లెల్లో వాడే మాటలు బాగా ఉన్నాయి.

తుంగభద్ర గాలి (కర్నూలు)
అయితే డోన్ ఊరి పేరు కూడా ఈ దొన నుంచే వచ్చిందా? డోన్ చుట్టూ గట్లే కదా.

కమలాపురం పుస్తకాలు (కడప)
శాసనమో, పాత రికార్డో చూడకుండా నేనైతే అలా అనను. ఆ ఊరిని ద్రోణాచలం అంటారు, ద్రోణుడి కథ చెబుతారు. మాట దగ్గరగా వినిపించినంత మాత్రాన ఊరి పేరుకు మూలం చెప్పేయకూడదు. గుంట్ల, గుండ్ల విషయంలో కూడా జాగ్రత్త. ఎర్రగుంట్లలో ఉన్నది గుంట. కొలిమిగుండ్లలో వినపడేది గుండు, అంటే పెద్ద రాయి. ఒక్క అక్షరం మారితే పల్లం కాస్తా మిట్ట అవుతుంది. గుంతకల్లు పేరులోనైతే గుంతా ఉంది, రాయీ ఉంది, కన్నడంలో కల్లు అంటే రాయే. ఆ పేరు ఎట్లా వచ్చిందో అక్కడి పెద్దవాళ్లు చెబితే వినాలని ఉంది.

చిత్రావతి ఇసుక (అనంతపురం జిల్లా)
చెలమ గురించి నేను రాస్తాను, మా బాల్యమంతా అదే. ఏరు పైకి ఎండిపోయినా ఇసుక కింద నీళ్లు నడుస్తూనే ఉంటాయి. మోకాలి లోతు, ఒక్కోసారి నడుము లోతు ఇసుక చేత్తో తీస్తే అడుగున చెమ్మ కనిపిస్తుంది, ఇంకొంచెం తీస్తే నీళ్లు ఊరతాయి. మొదట ఊరిన నీళ్లు బురదగా ఉంటాయి కాబట్టి వాటిని చిప్పతో తోడి పారబోయాలి, మళ్లీ ఊరేదాకా ఆగాలి, రెండు మూడుసార్లు అట్లా చేశాక తేటనీళ్లు వస్తాయి. తొందరపడి బిందె ముంచితే అంచులు కూలి మొత్తం మళ్లీ మొదటికొస్తుంది. చిప్పతో కొద్దికొద్దిగా తోడి బిందెకు కట్టిన బట్టలోంచి పోసేవాళ్లం. తోడేకొద్దీ ఊరేదే చెలమ. తోడితే తగ్గిపోయి మళ్లీ రాకపోతే అది వట్టి గుంత.

ఒక ఇంటివాళ్లు తీసిన చెలమలో ఇంకొకరు తోడుకోవచ్చు, కానీ తీసినవాళ్లు వచ్చేసరికి తప్పుకోవాలి, ఆ మర్యాద అందరూ పాటించేవాళ్లు. ఏరు వస్తే అన్నీ పూడిపోతాయి, తగ్గాక మళ్లీ కొత్తచోట తీసుకోవడమే.

ఇప్పుడు ఏట్లో ఇసుకే లేదు. లారీలతో తోలేశారు. ఇసుక ఉంటేనే నీళ్లు దాంట్లో దాక్కుంటాయి, ఇసుక తీసేసి వదిలిన పెద్ద గుంతల్లో నిలిచిన నీళ్లు ఎండకు ఆవిరైపోతాయి, పైగా పిల్లలు ఈతకు దిగి మునిగిపోతున్నారు. ఏట్లో చెలమ ఉండాలి కానీ గుంత ఉండకూడదు.

ధర్మవరం పడుగు
ఎవరైనా మగ్గం గుంత గురించి రాస్తారేమో అని ఎదురుచూశాను. మా ఇంట్లో గుంత అనే మాటకు మొదటి అర్థం అదే. "నాయన యాడున్నాడు" అంటే "గుంతలో ఉన్నాడు" అని జవాబు, బయటివాళ్లు వింటే కంగారు పడతారు.

గుంత మగ్గం అంటే ఇంటి నడిమింట్లోనో, ముందు గదిలోనో నేలలో గుంత తీసి, దాని అంచున కూర్చుని కాళ్లు లోపలికి వేలాడేసి నేస్తారు. కాలితో తొక్కే పలకలు గుంతలో ఉంటాయి, పడుగు, అంటే నిలువు పోగుల వరస, నేలకు కొంచెం ఎత్తులో ఉంటుంది. మనిషి పొడవునుబట్టి గుంత లోతు. పొడుగాటి మనిషికి తీసిన గుంతలో పొట్టివాడు కూర్చుంటే కాలు అందదు, పొట్టివాడి గుంతలో పొడుగాయన కూర్చుంటే సాయంత్రానికి మోకాళ్లు పట్టేస్తాయి, అందుకే కొడుకు పెద్దయ్యాక గుంతను మళ్లీ సరిచేసుకుంటారు. మట్టి గుంతలో కొంచెం చెమ్మ ఉంటుంది కాబట్టి మా ఎండల్లో కూడా పోగు ఊరికే తెగదని పెద్దవాళ్లు అంటారు. పొద్దున్నే దిగే ముందు లైటు వేసి చూస్తారు, తేళ్లు చేరుతాయి.

వానాకాలం కష్టం వేరు. పల్లంలో ఉన్న ఇళ్లలో గట్టి వాన పడితే బయటి నీళ్లు రాకపోయినా గుంత అడుగునే నీళ్లు ఊరతాయి. తోడి పోస్తే మళ్లీ ఊరతాయి. ఇక్కడ చిత్రావతి ఇసుక గారి చెలమ మా ఇంట్లోనే ఉన్నట్టు. గుంత ఆరేదాకా పని లేదు, పని లేకపోతే కూలి లేదు, మగ్గం మీద సగం నేసిన చీర చెమ్మకు పాడవుతుందేమోనని ఇంకో టెన్షన్. వానల నష్టం లెక్క రాసేవాళ్లు గోడ కూలిందా, పైకప్పు పోయిందా అని చూసుకుని పోతారు. మగ్గం గుంతలోకి తొంగి చూసే అధికారి ఒక్కడైనా ఉంటే బాగుంటుంది.

పెన్నఒడ్డు (ప్రొద్దుటూరు)
పడుగు అన్నా, ఇది నాకు బాగా తెలిసి కూడా తట్టలేదు, మా ప్రొద్దుటూరులోనూ మగ్గాలున్నాయి. ఇప్పుడు కట్టే ఇళ్లలో కూడా గుంత తీస్తున్నారా?

ధర్మవరం పడుగు
తగ్గింది. కొత్త ఇళ్లలో బండలు పరిచిన నేల తవ్వడానికి ఇష్టపడటం లేదు, ఇనుప ఫ్రేము మీద ఎత్తుగా నిలబెట్టే మగ్గాలు వస్తున్నాయి. మోకాళ్లకు, వానకు అవే మేలు, నేను వాటికి వ్యతిరేకం కాదు. ఉన్న గుంతల చుట్టూ సిమెంటు గట్టు ఎత్తుగా కట్టుకోండి, గోడ పక్క నుంచి వాన నీళ్లు దూరంగా పోయేట్టు కాలువ తీయండి. ఊటను పూర్తిగా ఆపలేం కానీ సగం నీళ్లు ఆగుతాయి.

ఎమ్మిగనూరు పత్తి
మా ఊళ్లో మాచాని సోమప్ప గారు 1938లో చేనేత సహకార సంఘం పెట్టారు కదా, మగ్గాల మాటలు మాకూ ఇంటి మాటలే. నేను ఇంకో గుంత గురించి చెబుతాను, పాతర. ఆదోని, ఆలూరు, పత్తికొండ వైపు నల్లరేగడి ఊళ్లలో జొన్నలు పాతరలో పోసేవాళ్లు. మూతి ఇరుకుగా, లోపల వెడల్పుగా తవ్వి, అడుగునా చుట్టూ గడ్డి దట్టంగా పరిచి, జొన్నలు నింపి, మళ్లీ గడ్డి కప్పి పైన మట్టితో మూసేస్తారు. లోపల గాలి ఆడక పురుగు బతకదు, కరువు ఏడు వచ్చినప్పుడే తీసేవాళ్లు. ఇదే కారణంతో పాతర తెరవగానే మనిషి దిగకూడదు, మూత తీసి చాలాసేపు వదిలేసి, దీపం దించి చూసి, అది ఆరిపోకుండా వెలిగితేనే దిగాలి. ఈ జాగ్రత్త తెలియక ప్రాణాలు పోయిన ఇళ్లున్నాయి. పాడుబడిన బావులకూ ఇదే వర్తిస్తుంది, బావి పూడిక తీయడానికి దిగేవాళ్లు దయచేసి గుర్తుపెట్టుకోండి.

ఊరిబిండి (అనంతపురం)
ఇంత చర్చ జరిగి గుంత పొంగణాలు ఎవరికీ గుర్తురాలేదా అన్నయ్యలూ! మినప్పప్పు, బియ్యం నానేసి రుబ్బి, రాత్రంతా పులిసిన పిండిలో ఉల్లిపాయ, పచ్చిమిరప, కొత్తిమీర, నానిన శనగపప్పు కలిపి, గుంతల పెనంలో ఒక్కో గుంతలో చుక్క నూనె వేసి పొయ్యాలి. గుంతను ముప్పావు వంతే నింపాలి, మిగతాది పొంగి నిండుతుంది. అంచు విడిపోయాక పుల్లతో తిప్పాలి. పాత ఇనుప పెనమే నయం, గుంత అడుగున కరకరలాడే పొర దాంట్లోనే వస్తుంది, నాన్‌స్టిక్‌లో రాదు. పక్కన బుడ్డల ఊరిబిండి, అంటే వేరుశనగ పచ్చడి, ఉంటే ఇంకేమీ అక్కర్లేదు.

తమిళంవాళ్లు దీన్ని కుళి పణియారం అంటారు, కన్నడంవాళ్లకు గుళియప్ప అనే పేరు కూడా ఉంది, కుళి అన్నా గుళి అన్నా గుంతే. కోస్తావాళ్లు గుంట పునుగులు అంటారు. అంటే హగరి రైతు అన్న చెప్పిన లెక్కలో దీన్ని గుంట అనకూడదు, పెనంలో గుంతలు వాటంతట అవి ఏర్పడవు కదా.

హగరి రైతు (ఉరవకొండ వైపు)
అక్కా, ఒప్పుకున్నాను, మనది గుంత పొంగణమే. పెనం సంగతి కూడా కరెక్టు.

పాపాఘ్ని గట్టు (కడప జిల్లా)
ఒక సంగతి చెప్పాలి, చిన్నవాళ్లు తెలుసుకుంటే మంచిది. చావు ఇంటి దగ్గర గుంత అంటే ఒకటే అర్థం. "గుంత తీసినారా", "గుంత దగ్గరికి ఎవరు పోయినారు" అని అడిగితే అందరికీ అర్థమవుతుంది, వేరే మాట చెప్పాల్సిన పని లేదు. అందుకే మా ఇళ్లల్లో పెళ్లి పందిరి వేసేటప్పుడు "గుంత తియ్యి" అని పెద్దవాళ్లు అనరు, "రాట పాతు" అంటారు. పని అదే, మాట మారుతుంది. పట్నంలో పెరిగిన పిల్లలు శుభకార్యంలో గబుక్కున అనేస్తే ముసలివాళ్లు నొచ్చుకుంటారు, వాళ్లను వెటకారం చేయకండి.

మంచి గుంత కూడా ఉంది. పీర్ల పండగకు చావిడి ముందు తవ్వే నిప్పుల గుంతను గుండం అంటారు, గుంత అనరు. నార్పల దగ్గర గూగూడు కుళ్లాయిస్వామి ఉత్సవాలకు పోయినవాళ్లకు తెలుసు, హిందువులు, ముస్లింలు అని లేకుండా ఆ గుండం చుట్టూ జనమే జనం. నల్లమల నీడ చెప్పిన నీళ్ల గుండం, ఈ నిప్పుల గుండం, రెండింటికీ ఒకే మాట.

తెల్లకోటు (అనంతపురం)
నేను ఆసుపత్రిలో నర్సును. మా దగ్గరికి వచ్చే తల్లులు గుంత అనే మాటను శరీరానికి వాడతారు, అది మాకు చాలా ఉపయోగం. "కండ్లు గుంతలు పడినాయి", "మాడు గుంత పడింది" అంటారు. నెలల బిడ్డకు విరేచనాలు, వాంతులు అయ్యి నడినెత్తి మీద మెత్తగా ఉండే మాడు లోపలికి పోయిందంటే ఒంట్లో నీళ్లు బాగా తగ్గిపోయాయని అర్థం. దిష్టి అనో, మాడు జారింది అనో తైలం రాసి ఇంట్లో పెట్టుకోవద్దు. తల్లిపాలు ఆపకుండా ఇస్తూ, ఓఆర్ఎస్ కొద్దికొద్దిగా తాగిస్తూ వెంటనే ఆసుపత్రికి తీసుకురండి. బిడ్డ మగతగా ఉన్నా, పాలు తాగకపోయినా, మూత్రం తగ్గినా అస్సలు ఆలస్యం చేయకండి. ఆరోగ్య కార్యకర్తలు కూడా ఊళ్లలో ఈ మాటే వాడండి, పుస్తకంలో ఉన్న నిర్జలీకరణ అంటే ఎవరికీ అర్థం కాదు.

బండలబేరం (ఎర్రగుంట్ల)
మా ఊరి పేరు ఇందాక వచ్చింది కాబట్టి రాస్తున్నాను. కడప బండలు తీసిన పాత క్వారీ గుంతలు మా చుట్టూ చాలా ఉన్నాయి. వాటిలో వాన నీళ్లు నిలిచి చూడటానికి కుంటలాగే ఉంటాయి, కానీ కుంటకు అంచు నుంచి మెల్లగా లోతు పెరుగుతుంది, క్వారీ గుంత అంచు దాటితే నిలువునా లోతే, పట్టుకోవడానికి ఏమీ ఉండదు. సెలవుల్లో చుట్టాల ఇళ్లకు వచ్చే పిల్లలకు ఈ తేడా తెలియదు. తవ్వకం ఆగిపోయిన ప్రతి గుంతకూ కంచె వేయాల్సిందే, తవ్వినవాళ్లే వేయాలి. ఊళ్లోవాళ్లు కూడా దాన్ని కుంట అని పిలవడం మానేయాలి, కుంట అంటే పిల్లలు దిగుతారు.

రోడ్డు గుంతల సంగతి వేరే చెప్పాలా? గతుకు అయితే బండి ఎగురుతుంది, గుంత అయితే మనిషి ఎగురుతాడు. వాన నీళ్లు నిండినప్పుడు గుంత కనపడదు, రాత్రిపూట బైకు మీద ముందు పోయే బండి చక్రం ఎటు తిరిగిందో చూసి పోవాలి.

తుంగభద్ర గాలి (కర్నూలు)
ఇంత పల్లాల గురించి మాట్లాడాక మిట్ట గురించి ఒకటి. పోరుమామిళ్ల చెరువు దగ్గర 1369 నాటి శాసనం ఉంది, బుక్కరాయల కొడుకు భాస్కర భవదూరుడు తవ్వించిన చెరువు. చెరువు ఎట్లా ఉండాలో, ఏ దోషాలు ఉండకూడదో అందులో వివరంగా రాశారు. ఆ దోషాల్లో చెరువు మధ్యలో మిట్ట ఉండటం ఒకటి, నీళ్లు ఊటగా కారిపోవడం ఇంకొకటి. 650 ఏళ్ల కింద రాతి మీద చెక్కించి చెప్పిన మాట ఇది. ఇప్పుడు పూడిక తీసేటప్పుడు అంచుల దగ్గర ట్రాక్టర్లు తిరిగేంత మేర మట్టి తీసి మధ్యలో వదిలేస్తున్నారు. మీ ఊళ్లో పూడిక పని జరుగుతుంటే వెళ్లి నడిమధ్య ఎట్లా వదిలారో చూడండి, అడగండి.

ఊరిబిండి (అనంతపురం)
లేపాక్షిలో నేల బండల మీద పళ్లాల్లాగా చెక్కిన గుంతలున్నాయి, శిల్పులు వాటిలో అన్నం తినేవాళ్లని చూపిస్తారు. అన్నానికి ఒక పల్లం, కూరలకు చిన్నచిన్న పల్లాలు. వాటిని ఏమనాలి? బండలో ఉన్నాయి కాబట్టి దొన అనాలా, చెక్కినవి కాబట్టి గుంత అనాలా?

నల్లమల నీడ (ఆత్మకూరు)
గుంతే అక్కా. ఉలి తగిలిందంటే దొన కాదు.

పెన్నఒడ్డు (ప్రొద్దుటూరు)
బాగా తేల్చారు. అందరి మాటలూ ఊరి పేరుతో సహా రాసుకుంటున్నాను. గుంత, గుంట తేడా పాటించే ఊళ్లు ఏవి, పాటించని ఊళ్లు ఏవి అన్నది ఇంకా తేలలేదు. రాయచోటి, రాజంపేట, మదనపల్లె వైపు వాళ్లు ఒక్కరూ రాయలేదు. నెల్లూరు వైపు ఇసుక నేలల్లో తవ్వే నీటి గుంతను దొరువు అంటారు, రాజంపేట దాకా ఆ మాట వచ్చిందా అన్నది నాకు ముఖ్యంగా కావాలి. తెలిసినవాళ్లు కింద రాయండి.